అంగిలి ఆపరేషన్ అయ్యాక... ఇంట్లో ఆ మూడు వారాలు

పసిపిల్లకి నోట్లో ఆపరేషన్ అంటే ఏ తల్లికైనా కాలూ చెయ్యీ ఆడదు. అయితే ఆపరేషన్ రోజు ఎలాగో గడిచిపోతుందండీ. డాక్టర్లుంటారు, నర్సులుంటారు, చుట్టాలు ఫ్లాస్కుల్తో కాఫీలు తెస్తారు. అసలు కష్టం మూడోరోజో నాలుగోరోజో పిల్లని చంకనేసుకుని ఇంటికొచ్చి తలుపు తీశాక మొదలవుతుంది. పిల్ల ఆకలని ఏడుస్తుంది. ఏం పెట్టాలో తెలీదు. నోట్లో వేలు పెట్టుకోబోతుంది. చెయ్యి పట్టుకుంటే ఇంకా ఏడుస్తుంది. ఇంట్లో తలా ఒక సలహా చెబుతారు. నేను ఈ అవస్థ రెండుసార్లు పడ్డాను. మొదటిసారి తెలీక, రెండోసారి తెలిసి. అందుకే ఈ నాలుగు మాటలు మీతో చెప్పుకోవాలనిపించింది.

మా పాప 2009 నవంబరు నెలాఖరులో తెనాలిలో పుట్టింది. పై పెదవి చీలి ఉంది. నోరు తెరిస్తే అంగిలి కూడా చీలే. మనవాళ్ళు గ్రహణం మొర్రి అంటారే, అదే. నేను పురిటి మంచం దిగకముందే ఇంట్లో తేల్చేశారు. ఆ ఏడు జూలై 22న పొద్దున్నే సూర్యగ్రహణం పట్టింది కదా, ఆ వేళప్పుడు నేను మా పెద్దాడికి పాలు కాచి, కత్తిపీట ముందు కూర్చుని బీరకాయలు తరిగానట. అందుకే ఇలా అయిందట. మా అత్తగారు మనసులో ఏదీ దాచుకునే మనిషి కాదు, వచ్చిన వాళ్ళందరికీ అదే చెప్పారు. నేను ఇంటర్ దాకా చదువుకున్నాను, అయినా ఆ మాట నన్ను లోపల తినేసింది. ఆ బీరకాయ కూర మళ్ళీ ఏడాది దాకా వండలేదు.

గుంటూరులో పెదవికి కుట్టు వేసిన డాక్టరుగారు నన్ను కూర్చోబెట్టి లెక్క చెప్పారు. కడుపులో బిడ్డకి పెదవి అతుక్కునేది నాలుగో వారం నుంచి ఏడో వారం లోపు. అంగిలి కలిసేది ఆరు నుంచి తొమ్మిది వారాల లోపు. గ్రహణం నాటికి నాకు ఐదో నెల. అంటే అంతకు మూడు నెలల ముందే, ఏప్రిల్లోనే, జరగాల్సింది జరిగిపోయింది. కొంత వంశంలో ఉండొచ్చు, కొన్ని రకాల మందుల వల్ల కావచ్చు, చాలామందిలో ఫలానా కారణమని తేల్చలేం, ప్రపంచం మొత్తం మీద సుమారు 700 మంది పిల్లల్లో ఒకరికి ఇలా ఉంటుంది అని చెప్పారు. నేను ఇంటికొచ్చి ఆ లెక్క అత్తగారికి చెప్పాను. ఆవిడ విని ఊరుకున్నారు. నమ్మారని మాత్రం అనిపించలేదు.

పెదవి కుట్టు నాలుగో నెలలో అయింది. అది తొందరగానే మానింది. అంగిలి ఆపరేషన్ ఏడాది నిండాక, 2010 డిసెంబర్లో చేశారు. సాధారణంగా దీన్ని తొమ్మిది నెలలకీ ఏడాదిన్నరకీ మధ్య చేస్తారు, పిల్ల మాటలు నేర్చే ముందన్నమాట. ఇక్కడినుంచీ చెప్పేదంతా అంగిలి ఆపరేషన్ గురించి.

ఇంటికొచ్చిన మొదటి రోజులు

మొదటి ఒకటి రెండు రోజులు చొంగలో కాస్త ఎర్రజీర కనిపిస్తుంది, గులాబిరంగులో. దానికి బెదిరిపోకండి. దిండు మీద వేసిన తెల్లగుడ్డ మీద మరకలు చూసి నేను రాత్రంతా లెక్కపెడుతూ కూర్చున్నాను. అక్కర్లేదు. కానీ ఎర్రగా తాజా రక్తం కారుతూంటే, లేదా పిల్ల మాటిమాటికీ గుటకలు వేస్తూ రక్తం కక్కుకుంటే, ఇంక ఆలోచించకుండా ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే. ముక్కు నుంచి కూడా కొంచెం రక్తం కలిసిన నీరు రావచ్చు. కుట్ల మీద తెల్లటి పొర కడుతుంది. చూసి చీమనుకుంటారు, కాదు, అది మానే లక్షణమే. దాన్ని గుడ్డతోనో దూదితోనో తుడవబోకండి. కుట్లు వాటంతటవే కరిగిపోతాయి, కొన్ని వారాలు పడుతుంది.

గురక పెడుతుంది. ఇన్నాళ్ళూ నోటికీ ముక్కుకీ మధ్య తలుపు లేని ఇల్లులా ఉండేది, ఇప్పుడు గోడ కట్టారు. పైగా లోపల వాపు. ఊపిరికి కొత్త దారి అలవాటు కావాలి. తలవైపు కాస్త ఎత్తుగా, పక్కకి తిప్పి పడుకోబెట్టండి. ఊపిరి తీసేటప్పుడు డొక్కలు లోపలికి పోతున్నా, పెదవులు నీలంగా మారినా అది గురక కాదు, ప్రమాదం.

నొప్పి మందు గురించి ఒక మాట. ఏడ్చినప్పుడు వేద్దాంలే అనుకోకుండా మొదటి రెండు మూడు రోజులు డాక్టరు చెప్పిన టైము ప్రకారం వేస్తే పిల్ల పాలు తాగుతుంది. నొప్పి ముదిరాక వేస్తే మందూ మింగదు, పాలూ మింగదు. అయితే సీసా మీద అంకె చూసుకోండి. పారాసెటమాల్ సిరప్ 5 మిల్లీలీటర్లకి 125 మిల్లీగ్రాములున్నదీ దొరుకుతుంది, 250 ఉన్నదీ దొరుకుతుంది. చుక్కల మందైతే ఇంకా చిక్కన. ఒక సీసా అయిపోయి ఇంకోటి తెచ్చినప్పుడు అదే కొలత పోస్తే రెట్టింపు పడొచ్చు. వంటింటి చెంచాతో కొలవకండి, మూతతో పాటు వచ్చే చిన్న కప్పుంటుంది కదా, దానితోనే. పిల్లలకి ఆస్పిరిన్ అసలు వద్దు.

ఏడిస్తే కుట్లు ఊడిపోతాయని నాకు ఒకావిడ చెప్పి హడలగొట్టింది. కాసేపు ఏడిస్తే అంతలో ఊడవు. కానీ మొత్తుకుని మొత్తుకుని ఏడిచేదాకా వదిలిపెట్టకండి, ఎత్తుకుని తిరగండి. ఆ రెండు వారాలూ పిల్ల ఎవరి దగ్గరికీ పోదు, రాత్రిళ్ళు ఉలిక్కిపడి లేస్తుంది. నేను పడకకుర్చీలో కూర్చునే నిద్రపోయాను.

చేతులకి కట్లు

వేళ్ళు నోట్లోకి పోకుండా మోచెయ్యి వంగనివ్వని కట్లు వేస్తారు. మాకు ఆసుపత్రిలో వేసినవి మూడోరోజుకే జారిపోయాయి. మా వారు పిల్లాడి పాత నోటుపుస్తకం అట్టలు చుట్టగా చుట్టి, మెత్తటి నూలు పంచె ముక్క రెండు మడతలు లోపల వేసి కుట్టించారు. మణికట్టుకి పైన మొదలై చంకకి రెండు వేళ్ళ కిందే ఆగాలి. చంకలో గుచ్చుకుంటే ఒరిసిపోతుంది. పొడుగుచేతుల చొక్కా తొడిగి దానిమీద కట్టాలి. రోజుకి మూడు నాలుగు సార్లు, ఒక చేతిదే విప్పి, చెయ్యి వంచి సాచి, కొబ్బరినూనె రాసి, చర్మం ఎర్రబడిందేమో చూసి మళ్ళీ కట్టి, అప్పుడు రెండోది విప్పాలి. రెండూ ఒకేసారి విప్పితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు! ఈమధ్య కొందరు డాక్టర్లు ఈ కట్లు అవసరం లేదంటున్నారు. మీ డాక్టరు ఏం చెబితే అదే చెయ్యండి. కట్లు లేకపోతే మాత్రం మెలకువగా ఉన్నంతసేపూ ఒక మనిషి కళ్ళు పిల్ల మీదే ఉండాలి. పాలపీక, గట్టి బొమ్మలు, గిలక్కాయ, చెంచా, పుల్ల, స్ట్రా, ఇవేవీ దగ్గర్లో ఉంచకండి.

ఏం పట్టాలి, ఎలా పట్టాలి

డాక్టరు రాసిచ్చింది "మూడు వారాలు ద్రవాహారం" అని. అదీ ఇంగ్లీషులో, ఒక అచ్చుకాయితం. డిశ్చార్జి చేసే నర్సు అది చేతిలో పెట్టి వెళ్ళిపోయింది. ఏం పట్టాలో ఒక్క పేరైనా లేదు అందులో. కొందరు డాక్టర్లు రెండు వారాలకే మెత్తనివి పెట్టమంటారు, కొందరు ఇంకా ఆగమంటారు. వెళ్ళే ముందే అడిగి, తెలుగులో రాయించుకోండి.

పట్టడానికి మా అమ్మ తన పెట్టెలోంచి వెండి ఉగ్గుగిన్నె తీసి ఇచ్చింది. అంతకన్నా మంచి సాధనం నేను చూడలేదు. చీలిన అంగిలితో పుట్టిన పిల్లలు చప్పరించలేరు, అందుకే పుట్టినప్పటి నుంచీ నా పాలు పిండి దానితోనే పట్టాను. ఆపరేషన్ తర్వాత కూడా అదే. పిల్లని ఒళ్ళో తల ఎత్తుగా కూర్చోబెట్టుకుని, గిన్నె ముక్కు కింది పెదవి మీద ఆనించి, లోపలికి పోనీకుండా, కొద్దికొద్దిగా వంచాలి. గుటక పడ్డాకే మళ్ళీ. చెంచా పెద్దవాళ్ళకి సుళువే గానీ అది పొరపాటున అంగిలికి తగులుతుంది.

ఇక వంటకాలు. కారం, పులుపు, మసాలా లేకుండా, గోరువెచ్చగా లేదా చల్లగా, పలుకు తగలకుండా పల్చటి గుడ్డలో వడగట్టి. ఇది సూత్రం.

కందికట్టు మా పాపకి ప్రాణం. అరగ్లాసు కందిపప్పు కడిగి నాలుగు గ్లాసుల నీళ్ళు పోసి మెత్తగా ఉడికించి, కదపకుండా పది నిమిషాలు ఉంచితే పైన కట్టు తేరుతుంది. అది వంచి, వడగట్టి, చిటికెడు ఉప్పు, అరచెంచా నెయ్యి కలపండి. ఇంగువ, పోపు వద్దు.

రాగిజావ రెండు చెంచాల పిండికి గ్లాసున్నర నీళ్ళు. పిండి ముందు చన్నీళ్ళలో కలుపుకుంటే ఉండ కట్టదు. పది నిమిషాలు ఉడికాక దించి, చల్లారాక పాలో పల్చటి మజ్జిగో కలిపి వడగట్టాలి. చల్లారితే చిక్కబడుతుంది, అప్పుడు ఇంకాస్త పల్చన చేసుకోవాలి. బియ్యంనూక గంజి కూడా ఇలాగే. సగ్గుబియ్యం గింజ కనపడకుండా కరిగేదాకా ఉడికించి, పాలు, పంచదార వేసి వడగడితే రాత్రి పూటకి కడుపు నిండుతుంది. క్యారెట్టు, సొరకాయ ఉడికించి మెదిపి వడగట్టిన నీళ్ళలో కాస్త నెయ్యి వేసి పట్టాను. పండ్లరసాల్లో నారింజ, బత్తాయి పుల్లగా మంట పుట్టిస్తాయి. పుచ్చకాయ రసం నయం. గింజలు, పలుకులు లేని ఐస్‌క్రీమ్ కరగనిచ్చి పట్టొచ్చు, చల్లదనానికి నొప్పి కాస్త తగ్గుతుంది. డిసెంబర్లో ఐస్‌క్రీమా అని మా ఇంట్లో పెద్ద గొడవే అయిందనుకోండి!

ఒక్కసారి ఎక్కువ తాగదు. రెండు గంటలకోసారి కొంచెం కొంచెం పట్టండి. పట్టిన ప్రతిసారీ చివర్లో రెండు మూడు గుటకలు కాచి చల్లార్చిన నీళ్ళు పట్టించాలి, కుట్ల మీద పాలు నిలవకుండా. ఇది మానొద్దు. సరిపడా తాగుతోందా లేదా అన్నది ఒంటేలు లెక్కపెడితే తెలుస్తుంది. ఆరు నుంచి ఎనిమిది గంటలు గడిచినా పొయ్యకపోయినా, ఏడిస్తే కన్నీరు రాకపోయినా, నాలుక ఎండినా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. జ్వరం 101 దాటి తగ్గకపోయినా, నోటి వాసన మరీ ఘోరంగా ఉన్నా అంతే. మొదటి రోజుల్లో కాస్త వాసన మామూలే.

ఇరుగుపొరుగు సలహాలు సరే సరి. కుట్ల మీద తేనె, పసుపు రాయమని ఒకరు, మాటలు త్వరగా రావడానికి వస అరగదీసి నాలిక్కి రాయమని ఒకరు. ఆ నోట్లో డాక్టరు చెప్పనిది ఏదీ పెట్టకండి. ఏడాది లోపు పిల్లలకైతే తేనె ఏ కారణానికీ వద్దు. దిష్టి తీసుకోండి, తీస్తే ఏం పోయింది? కానీ ఆ మిరపకాయల ఘాటు పిల్ల ముక్కుకి తగిలి దగ్గిందంటే కుట్ల మీద ఒత్తిడి. వీధిలోకి పోయి తీయండి. చూడ్డానికొచ్చి, ఏదీ నోరు తెరవమ్మా అని టార్చిలైటు వేసేవాళ్ళని మొహమాటం లేకుండా ఆపండి.

ఆ తొమ్మిదో రోజు

ఆ రోజు నేను మంగళవారం పూట తలంటు పోసుకుంటున్నాను. పావుగంట. పాప అత్తగారి ఒళ్ళో ఉంది. మా పెద్దాడు బిస్కెట్టు తింటుంటే చూసి చేతులు చాచి ఏడ్చిందట. ఎనిమిది రోజులుగా నీళ్ళలాంటివే తాగుతున్న పిల్ల. ఆవిడ ప్రాణం ఒప్పలేదు. బిస్కెట్టు పాలలో ముంచి, మెత్తబడిందిలే అనుకుని, నోట్లో పెట్టారు. ఒక మూల నానలేదు. పిల్ల కెవ్వుమంది. నేను తడి జుట్టుతో పరుగెత్తుకొచ్చేసరికి చొంగలో ఎర్రగా కనపడింది.

నేనేమన్నానో ఇక్కడ రాయను. అత్తగారిని ఎప్పుడూ ఎదురు మాట అనని దాన్ని, ఆ రోజు అన్నాను. ఆవిడ బిస్కెట్టు ముక్క చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డారు.

రక్తం గంటలో ఆగిపోయింది. డాక్టరు చూసి ఫరవాలేదన్నారు. కానీ నెల తిరిగాక పాలు పడుతుంటే ముక్కులోంచి ఒక చుక్క వచ్చింది. కుట్టు మధ్యలో కందిగింజంత చిల్లు మిగిలింది. నేను బిస్కెట్టు సంగతి చెబితే డాక్టరుగారు తల అడ్డంగా ఊపారు. "దానివల్లే అని నేను చెప్పలేనమ్మా. మీ పాప చీలిక వెడల్పుది, కుట్టు బిగువుగా పడింది, మధ్యలో జలుబు చేసింది. అన్ని జాగ్రత్తలూ తీసుకున్న ఇళ్ళల్లో కూడా కొందరికి చిల్లు పడుతుంది" అన్నారు.

ఇంటికొచ్చేసరికి అత్తగారు దేవుడి గది ముందు కూర్చుని ఉన్నారు. "నా చేత్తో నేనే చేశానే" అని ఒకటే ఏడుపు. నిజం చెప్పొద్దూ, ఒక్క క్షణం నాకు లోపల తృప్తిగానే ఉంది. నన్ను బీరకాయల దగ్గర కూర్చోబెట్టిన మనిషి ఇప్పుడు బిస్కెట్టు దగ్గర కూర్చుంది కదా అని. తర్వాత సిగ్గేసింది. ఆసుపత్రి కాయితం నేను చదువుకుని బీరువాలో పెట్టాను గానీ, మూడు వారాలు గట్టి ముక్క నోట్లో పడకూడదు, ఎందుకు పడకూడదు అన్నది ఆవిడకి ఎవరు చెప్పారు? ఆవిడకి చదువు రాదు. వండేదాన్ని నేను, పట్టేదాన్ని నేను, ఆవిడ పని పిల్లని ఎత్తుకోవడం. డాక్టరు నాతో అన్న మాటలే ఆవిడకి చెప్పాను, "మీ వల్లే అని చెప్పలేమన్నారత్తయ్యా" అని. నేను గ్రహణం లెక్క చెప్పిన రోజు ఎలా చూశారో అలాగే చూశారు నావైపు.

చిల్లు పూడ్చే ఆపరేషన్ పాపకి నాలుగేళ్ళప్పుడు చేశారు. ఈసారి డిశ్చార్జి రోజు అత్తగారినీ, మామగారినీ, మా పెద్దాడినీ కూడా గుంటూరు తీసుకెళ్ళి డాక్టరుగారి ముందు కూర్చోబెట్టాను. ఆయన అద్దంలో పాప నోరు చూపించి, కుట్టు ఎక్కడుందో ఆవిడకి వేలితో చెప్పారు. వంటింటి తలుపు మీద సుద్దముక్కతో ఇరవై ఒక్క గీతలు గీశాం. రోజుకొకటి చెరపడం మా పెద్దాడి పని. ఇంట్లో బిస్కెట్లు, జంతికలు, చేగోడీలు అన్నీ బంద్, పెద్దవాళ్ళకి కూడా. నాలుగేళ్ళ పిల్ల ముందు ఎవరు ఏం తిన్నా అది అడుగుతుంది. సంక్రాంతికి మా ఆడపడుచు అరిసెల డబ్బా పట్టుకొస్తే, గుమ్మంలోనే ఆపి పక్కింట్లో పెట్టించింది మా అత్తగారే!

పిల్లలకి నోట్లో మరే ఆపరేషన్ అయినా ఇందులో చాలామటుకు పనికొస్తుంది. పన్ను తీయించినప్పుడు మాత్రం ఇంకొకటి గుర్తుంచుకోండి, మొద్దుబారిన పెదవిని పిల్లలు తెలీక కొరికేసుకుంటారు. రెండు మూడు గంటలు కనిపెట్టి ఉండాలి, ఆ రోజు పుక్కిలించడం, స్ట్రాతో తాగడం వద్దు. టాన్సిల్స్ తీయించిన వాళ్ళకి వారం, పది రోజులప్పుడు కూడా రక్తం రావచ్చు, తగ్గిపోయిందిలే అని ఊరుకోకూడదు.

అంగిలి మూసుకుంటే సరిపోదు, మాట రావాలి. గాలి ముక్కులోంచి పోతే ప, బ, త, ద పలకవు. మా పాపకి "పాప" అంటే "మామ" అయ్యేది, "తాత" అంటే "నాన". మా మామగారు నాలుగేళ్ళు నాన్నగానే ఉన్నారు. వినికిడి పరీక్ష కూడా చేయించండి, ఈ పిల్లలకి చెవిలో నీరు చేరడం ఎక్కువ. కుట్టు మానాక స్పీచ్ థెరపీకి తీసుకెళ్ళాం. అక్కడి అమ్మాయి చిన్న అద్దం ఇచ్చింది. ముక్కు కింద పెట్టి "పపపా" అనమనాలి. అద్దం మీద ఆవిరి పట్టిందంటే గాలి ముక్కులోంచి పోతున్నట్టు. రోజూ సాయంత్రం దీపం పెట్టాక అత్తగారు, పాప ఆ అద్దం పెట్టుకుని కూర్చునేవారు. ఏడాదిన్నర పట్టింది. మా మామగారు పేపరు చదువుకుంటుంటే వెనకనుంచి "తాతా" అని పిలిచింది ఒకరోజు. ఆయన పేపరు కింద పెట్టలేదు, మళ్ళీ పిలుస్తుందేమోనని అలాగే ఉన్నారు.

ఖర్చు సంగతి అడుగుతారు చాలామంది. ప్రభుత్వ వైద్య పథకాల్లో ఈ ఆపరేషన్ ఉంది, ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర దగ్గరికి రేషన్ కార్డు పట్టుకెళ్ళి అడగండి. స్మైల్ ట్రైన్ అనే సంస్థ కూడా 2000 నుంచి మన దేశంలో చాలా ఆసుపత్రుల్లో దీన్ని ఉచితంగా చేయిస్తోంది. డబ్బు లేదని పిల్లని అలా ఉంచేయకండి.

పోయిన వేసవిలో మా వీధి చివర ఇంట్లో ఇలాంటి బాబే పుట్టాడు. నేను వెళ్దామనుకునే లోపే అత్తగారు వెళ్ళొచ్చారు. ఆ పిల్ల తల్లి తలవంచుకుని గ్రహణం మాట ఎత్తిందట. ఈవిడ "అది తర్వాత చూద్దాం గానీ, పాలు దేంతో పడుతున్నావు?" అని అడిగారట. మా ఉగ్గుగిన్నె ఇప్పుడు వాళ్ళింట్లో ఉంది.